మిగిలిన లక్షా డెబ్బై వేలు

అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన లెక్క రెండుసార్లు చూశాను. జనవరిలో మీ ట్రస్టు పిల్లల హాస్టల్‌కు పది రోజుల సేవకని వచ్చిన అమెరికా చర్చి టీమ్‌లో పన్నెండు మంది. తలా 40,000 కట్టారు, మొత్తం 4,80,000. భోజనాలు, గదులు, రెండు బండ్లు, డ్రైవర్ల బత్తా, గండికోట ట్రిప్పు అన్నీ కలిపి ఖర్చు 3,10,000. మిగిలింది 1,70,000. "మామా, సేవకని వచ్చిన వాళ్ల మీద మనం సంపాదించినట్టు కాదా? దీన్ని కానుక కింద రాసేస్తే సరిపోతుందా?" అని అడిగావు. మొదటి ప్రశ్న అడిగినందుకు సంతోషం. రెండోది అడగకుండా ఉంటే ఇంకా సంతోషించేవాణ్ణి.

మిగలడం తప్పు కాదు. ట్రస్టంటే ఏడాది చివర సున్నా చూపించాలని మనవాళ్లలో ఒక భ్రమ ఉంది. ఆదాయపు పన్ను చట్టమే వచ్చినదాంట్లో 85 శాతం ఆశయానికి ఖర్చు పెట్టమని, 15 శాతం దాకా ఉంచుకోవచ్చని చెబుతుంది. ఒక నెల డబ్బు రాకపోయినా పిల్లలకు అన్నం పెట్టాలి కదా. మా వీధిలో అయ్యప్పలను బస్సులో శబరిమల తీసుకెళ్లే గురుస్వాములు ఇద్దరున్నారు. ఇద్దరూ తలా ఇంతని వసూలు చేస్తారు, ఇద్దరికీ ఎంతో కొంత మిగులుతుంది. ఒకాయన తిరిగొచ్చాక అందరినీ కూర్చోబెట్టి లెక్క చదివి, మిగిలింది అన్నదానానికి పెడతాడు. రెండో ఆయన గమ్మున ఉంటాడు. మరుసటి ఏడు ఎవరి బస్సు నిండుతుందో నీకు చెప్పాలా?

ఇక కానుక సంగతి. తిండికీ బసకూ బండికీ వాళ్లు ఇచ్చింది కిరాయి. పిల్లల మీద ప్రేమతో ఇచ్చేది కానుక. ఈ రెండూ ఒకే సంచిలో వేయొద్దు. విదేశీ విరాళాల చట్టం, అదే మీరంతా ఎఫ్‌సీఆర్ఏ అనేది, మామూలు వ్యాపార పద్ధతిలో చేసిన సేవకు విదేశీయులు కట్టే రుసుమును విరాళంగా లెక్కపెట్టదు. విరాళమైతే మాత్రం ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే ముందు పడాలి. 2020 సవరణ తర్వాత అందులో ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు, అంతకు ముందు 50 దాకా ఉండేది. టీమ్‌లో ఒక దొర ఇక్కడికొచ్చి మన రూపాయలే నీ చేతిలో పెట్టినా, విరాళంగా ఇస్తే అది విదేశీ విరాళమే. కాబట్టి కిరాయిని కానుకని రాసినా అబద్ధమే, కానుకను కిరాయని రాసినా అబద్ధమే. కిరాయికి వేరే పుస్తకం పెట్టు. జీఎస్టీ పడుతుందో లేదో ఆడిటర్‌ను అడుగు. టీమ్ దిగిన 24 గంటల్లో విదేశీయుల బస వివరాలు ప్రభుత్వానికి పంపే ఫారం నింపాలని, టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ల చేత మత ప్రసంగాలు చేయించకూడదని నీకు తెలుసు, వాటి జోలికి పోను.

ఆ పన్నెండు మందీ సొంత డబ్బుతో వచ్చారనుకుంటున్నావేమో. అక్కడ చాలామంది చుట్టాలకూ చర్చి సంఘం వాళ్లకూ ఉత్తరాలు రాసి చందాలు పోగుచేసుకుని బయల్దేరుతారు. నీ 40,000లో ఎవరో ముసలామె పెన్షన్ నుంచి తీసిచ్చిన డబ్బు కూడా ఉండొచ్చు. ఆమె అది కడప జిల్లా పిల్లలకు పోతోందనుకుంటుంది. విమానం టికెట్టుకు ఎంత పోయింది, పంపిన సంస్థ ఎంత ఉంచుకుంది, మన చేతికి ఎంత వచ్చింది, అందులో ఖర్చెంత, మిగులెంత అని వాళ్లు బయల్దేరకముందే కాగితం మీద పెట్టు. "మీరు కట్టే 40,000లో సుమారు 14,000 మిగులుతుంది, అది హాస్టల్‌కు వాడతాం" అని ముందే చెప్పిన మిగులుకు సిగ్గుపడనక్కర్లేదు. చెబితే రారేమోనని నీకు భయం వేస్తే, ఆ మిగులు సంగతి మళ్లీ ఆలోచించు.

డబ్బుకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. తిరుమలలో శ్రీవారి సేవ 2000లో మొదలైంది. మనూరి వాళ్లూ సొంత చార్జీలతో వెళ్లి, క్యూలో ఉన్నవాళ్లకు నీళ్లిచ్చి, కూరగాయలు తరిగి వస్తారు. అక్కడ పని ఉంది కాబట్టి మనుషుల్ని పిలుస్తారు. మన దగ్గర మనుషులు వస్తున్నారు కాబట్టి పని వెతుకుతాం. లండన్ మిషన్ దొరలు 1822లో కడపకు వచ్చినప్పుడు ఏళ్ల తరబడి ఉండి తెలుగు నేర్చుకున్నారు. పది రోజులకు వచ్చినవాళ్ల చేత ఏం చేయిస్తాం? గోడలకు రంగు వేయిస్తాం, ఫొటోలు తీయిస్తాం.

నేను ఒక ట్రస్టులో లెక్కలు రాసే రోజుల్లో ఒక టీమ్ సరిగ్గా సంక్రాంతికి దిగింది. పిల్లలు లేకుండా హాస్టల్ ఏం చూపిస్తామని మా పెద్దలు పండక్కి ఎవరినీ ఇంటికి పంపలేదు. మైలవరం వైపు నుంచి ఒకామె కూతుర్ని తీసుకుపోదామని వచ్చింది. గేటు దగ్గర వేపచెట్టు కింద సాయంత్రం దాకా కూర్చుంది. లోపల ఆ పిల్ల కొత్త గౌను వేసుకుని స్వాగతం పాట పాడుతోంది. ఆ ఏడు మిగిలినంత డబ్బు నా సర్వీసులో మరే టీమ్ మీదా మిగల్లేదు. ఓచర్లన్నీ నేనే రాశాను, సంతకమూ నాదే. నోరు మాత్రం మెదపలేదు.

అందుకే టీమ్ తేదీలు పిల్లల సెలవులను బట్టి పెట్టు, వాళ్ల సెలవులను టీమ్‌ను బట్టి కాదు. నలుగుర్ని తెచ్చిన పాస్టరు గారికి తలకింతని కమీషన్ ఇచ్చే అలవాటు కొన్నిచోట్ల ఉంది, దాన్ని గడప తొక్కనివ్వకు. అసలు హాస్టల్ బతుకును టీమ్‌లకు ముడిపెట్టకు. 1969లో అనంతపురం వచ్చిన ఫాదర్ ఫెర్రర్ పేదల కోసం పెట్టిన సంస్థకు స్పెయిన్‌లో మామూలు కుటుంబాలు క్రమం తప్పకుండా పంపే చిన్న చందాలే పెద్ద ఆధారమయ్యాయి. అలాంటి చందాలు పది పోగుచెయ్యి, జనవరి వస్తుందంటే టెన్షన్ ఉండదు.

నీ లెక్కలో ఇంకొకటి కనబడింది. వంటామెకు మామూలు జీతమే రాశావు. ఆ పది రోజులూ తెల్లారుజామున నాలుగింటికి లేచి, పిల్లలకు ఒక వంట, కారం లేకుండా వాళ్లకింకో వంట చేసిందని నువ్వే ఫోన్లో చెప్పావు. ఆమె కూలి ఎగ్గొడితే మిగిలింది మిగులెట్లా అవుతుంది? అది తీసేసి మళ్లీ కూడు. తగ్గిన అంకెను కమిటీ ముందు పెట్టి, ఎక్కడ వాడాలో వాళ్లనే మినిట్స్‌లో రాయనివ్వు. సెక్రటరీవి కదా అని నువ్వొక్కడివే తేల్చొద్దు. ఆ లెక్కే టీమ్ లీడర్‌కూ పంపు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పుస్తకాలు పట్టుకుని రా. మీ అత్త ఉగ్గాని, బజ్జీ చేస్తానంటోంది. వంటామెకు ఇవ్వాల్సింది శనివారమే ఇచ్చేసి రా.

మీ మామ