48 అంగుళాల అద్దం, మూడో వంతు గ్రాము అల్యూమినియం

ప్రశ్న: హైదరాబాద్ బయట జపాల్–రంగాపూర్ దగ్గర 1968లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టిన 48 అంగుళాల టెలిస్కోపు గురించి చదివాను. అంత పెద్ద టెలిస్కోపులోంచి చూస్తే శని వలయాలు ఫొటోల్లో ఉన్నంత స్పష్టంగా కనిపిస్తాయా?
– ఒక పాఠకుడు, ఇబ్రహీంపట్నం

జవాబు: వలయాలు కనిపిస్తాయి. ఆ మాటకొస్తే మూడంగుళాల టెలిస్కోపులోనూ కనిపిస్తాయి. కాని మీరు చూసే ఫొటోలు చాలావరకు అంతరిక్ష నౌకలు తీసినవి, లేదా వేల ఫ్రేములను కలిపి చేసినవి. కన్ను అంత పట్టలేదు.

లెక్క ప్రకారం 48 అంగుళాల, అంటే 1.2 మీటర్ల అద్దం 0.11 ఆర్క్‌సెకండ్ల (ఆర్క్‌సెకండు అంటే డిగ్రీలో 3600వ వంతు) ఎడం ఉన్న రెండు చుక్కల్ని విడదీయాలి. మన పైనున్న గాలి అందుకు ఒప్పుకోదు. కాస్త మంచి రాత్రి కూడా చుక్క ఒకటిన్నర, రెండు ఆర్క్‌సెకండ్ల మచ్చగా అలుక్కుపోతుంది. పగటి ఎండకు వేడెక్కిన అద్దం, డోమ్ (టెలిస్కోపు ఉండే గుమ్మటం) గోడలు చీకటి పడ్డాక ఆ వేడిని వదులుతుంటే మచ్చ ఇంకా పెద్దదవుతుంది. డోమ్‌ను సాయంత్రమే తెరిచి గాలి ఆడనిచ్చేది, లోపల దీపాలు, మనుషులు తక్కువ ఉండేలా చూసేది అందుకే.

మరి అంత పెద్ద అద్దం దేనికి? వెలుగు కోసం. చీకట్లో ఏడు మిల్లీమీటర్లు తెరుచుకున్న కంటిపాపతో పోలిస్తే ఈ అద్దం 30 వేల రెట్లు వెలుగును పోగు చేస్తుంది. పరిశోధకులకు కావలసింది ఆ వెలుగును కొలవడం. ఐపీస్‌లో కన్ను పెట్టి చూడటం వాళ్ల పనిలో దాదాపు ఉండదు.

ప్రశ్న: టెలిస్కోపు అద్దానికి అల్యూమినియం పూత మళ్లీ మళ్లీ వేస్తారట. దుమ్ము పడితే గుడ్డతో తుడిస్తే సరిపోదా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: తుడిస్తే దుమ్ములోని ఇసుక రేణువులు పూతను గీకేస్తాయి. మన ఇంట్లో అద్దానికి పూత గాజు వెనక ఉంటుంది, ముందు గాజు కాపలా కాస్తుంది. టెలిస్కోపు అద్దానికి పూత ముందువైపే, పైన ఏ రక్షణా లేకుండా ఉంటుంది. దుమ్ము మీద మంచు చెమర్చిందంటే ఇంకా చేటు, ఆ తడి బురదే పూతను తినేస్తుంది. అందుకే గాలిలో తేమ 85–90 శాతం దాటితే ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా డోమ్ మూసేస్తారు.

కొత్త పూత మీద పడ్డ వెలుగులో 90 శాతం దాకా తిరిగి వస్తుంది. పెద్ద అద్దం, చిన్న అద్దం రెండింటి మీదా తగిలి రావాలి కాబట్టి చేతికి దక్కేది 81 శాతం. రెండూ పాతబడి 70కి దిగాయనుకోండి, దక్కేది 49 శాతమే. అంటే అద్దం అంతే ఉంటుంది, టెలిస్కోపు మాత్రం చిన్నదైపోతుంది.

పూత వేసే పని ఇలా సాగుతుంది. అద్దాన్ని సెల్‌తో (అది కూర్చునే చట్రంతో) సహా క్రేన్‌తో దించుతారు. పాత పూతను పలచటి కాస్టిక్ ద్రావణంతో కరిగించి, డిస్టిల్డ్ వాటర్‌తో పలుమార్లు కడిగి, ఆల్కహాల్‌తో నూగు రాలని దూదితో ఆరబెడతారు. తర్వాత వాక్యూమ్ ఛాంబర్లో పెట్టి గాలిని తోడేస్తారు, మామూలు వాతావరణ పీడనంలో ఏడెనిమిది కోట్లలో ఒక వంతు మిగిలేదాకా. లోపల టంగ్‌స్టన్ తీగల మీద వేలాడదీసిన అల్యూమినియం ముక్కలు కరెంటు వేడికి కరిగి ఆవిరై గాజు మీద పేరుకుంటాయి. మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు. 48 అంగుళాల అద్దమంతా కప్పిన పూతను తూచగలిగితే గ్రాములో మూడో వంతుకు మించదు!

చెడేది ఎక్కువగా రెండు చోట్ల. వేలిముద్ర జిడ్డు మిగిలితే అక్కడ పూత పట్టదు. అంచున ఒక మూల టేప్ అంటించి లాగి చూస్తే పొరగా ఊడొచ్చేస్తుంది. ఛాంబర్లో గాలి సరిగా పోకపోతే పూత పాలిపోయినట్టు తెల్లగా వస్తుంది. రెండు సందర్భాల్లోనూ మొత్తం కరిగించి మొదటి నుంచి చేయాల్సిందే, అతుకులు వేయడం కుదరదు.

ప్రశ్న: నక్షత్రం వెలుగు తగ్గిందో, పలచటి మబ్బు అడ్డొచ్చిందో ఎలా తెలుస్తుంది?
– ఒక డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: ఒక్క చుక్కనే చూస్తే తెలియదు. పక్కన, వీలైతే ఒక డిగ్రీ లోపల, వెలుగు మారని మరో చుక్కను తీసుకుని తేడాను కొలుస్తారు. ఇది కంపారిజన్ తార. అది కూడా దొంగచాటుగా మారుతోందేమో చూడటానికి ఇంకోటి, చెక్ తార. మబ్బు అన్నింటినీ మసకబారుస్తుంది, తేడా మాత్రం పెద్దగా మారదు. రంగు కూడా దగ్గరగా ఉండాలి, ఎందుకంటే గాలి ఎరుపు కంటే నీలాన్ని ఎక్కువ మింగుతుంది. చుక్క ఎత్తు దిగంతం నుంచి 30 డిగ్రీల కంటే తగ్గితే నడినెత్తిన ఉన్నప్పటికంటే రెట్టింపుకు పైగా గాలిని దాటి రావాలి. అప్పుడు కొలతలు నమ్మలేం.

రంగాపూర్‌లో ఎక్కువగా పరిశీలించిన గ్రహణ జంట తారలకు ఈ పద్ధతే ఆధారం. వీటిలో ఒక నక్షత్రం రెండోదానికి అడ్డం వస్తుంటుంది. కంటికి కనిపించే ఉదాహరణ కావాలంటే ఆల్గాల్. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి 2.1 ప్రకాశాంకం (ఈ అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు) నుంచి 3.4కు మసకబారుతుంది.

ప్రశ్న: బేగంపేటలోనే నిజామియా అబ్జర్వేటరీ ఉండగా ఊరి బయట రంగాపూర్‌కు ఎందుకు వెళ్లారు?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన ఆ అబ్జర్వేటరీ 1908లో బేగంపేటకు వచ్చినప్పుడు అది ఊరి అంచు. తర్వాత ఊరే దాన్ని చుట్టుముట్టింది. వీధి దీపాల వెలుగుకు ఆకాశం తెల్లబడితే 48 అంగుళాల అద్దం ఆ తెలుపునే ఎక్కువగా పోగు చేస్తుంది.

ప్రశ్న: తమిళనాడు కావలూరులోని 2.34 మీటర్ల వైనుబప్పు టెలిస్కోపు మీద పని చేయాలంటే దరఖాస్తులో ఏం రాయాలి?
– ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీ గైడ్ ద్వారా పంపండి. ఏం తేలుస్తారో రెండు వాక్యాల్లో చెప్పి, చుక్కల స్థానాలు, ప్రకాశాంకాలు, ఎక్స్‌పోజర్ లెక్క, ఎన్ని రాత్రులు, వెన్నెల ఉన్నా ఫర్వాలేదా అన్నది రాయండి. వెన్నెల్లో పని జరుగుతుందని రాయగలిగితే అవకాశం పెరుగుతుంది, ఎందుకంటే అమావాస్య రాత్రులకే పోటీ. అక్కడ రెండు రుతుపవనాల వానలూ పడతాయి, కాబట్టి జనవరి నుంచి ఏప్రిల్ మధ్య అడగడం మేలు. మీ చుక్క ఆ నెలల్లో రాత్రంతా ఉంటుందో లేదో ముందే చూసుకోండి. సెప్టెంబరు 22 అర్ధరాత్రి నడినెత్తి గీత మీద ఉండేది సున్నా గంటల విషువాంశ (ఆకాశంలో చుక్క తూర్పు–పడమర స్థానాన్ని గంటల్లో చెప్పే కొలత), అక్కడి నుంచి నెలకు రెండు గంటల చొప్పున కలుపుకుంటూ పోతే ఫిబ్రవరి చివరికి పది గంటల చుట్టుపక్కల చుక్కలు అనువుగా ఉంటాయి.