కిక్ ఆఫ్ బంతి నేల మీద పడితే వదిలేయొచ్చా?

అమెరికన్ ఫుట్‌బాల్ కిక్ ఆఫ్‌లో (ఆట మొదలుపెట్టడానికి, స్కోర్ అయ్యాక బంతిని ఎదుటి జట్టు వైపు తన్నడం) నేల మీద పడిన బంతిని పంట్‌లో (ముందుకు వెళ్లలేకపోయిన జట్టు బంతిని ఎదుటివాళ్లకి దూరంగా తన్నేయడం) లాగా వదిలేయొచ్చా, టాస్ గెలిచిన జట్టు 'డిఫర్' అని ఎందుకంటుంది అని అడిగారు. మీ అబ్బాయి ఈ ఏడాదే హైస్కూల్ టీమ్‌లో చేరాడన్నారు కాబట్టి మొదటిది కాస్త వివరంగా చెబుతాను. బంతి మైదానం లోపల ఉన్నంతసేపూ వదలకూడదు.

మేముండేది నార్త్ కరొలైనాలో. మావాడు తొమ్మిదో తరగతిలో కిక్ రిటర్నర్‌గా, అంటే అవతలివాళ్లు తన్నిన బంతిని పట్టుకుని పరిగెత్తేవాడిగా ఆడేవాడు. ఒక సాయంత్రం అవతలివాళ్లు ఎదురుగాలిలో తన్నిన బంతి వీడికీ, పక్క కుర్రాడికీ మధ్య పడింది. వాడు పడతాడని వీడు, వీడు పడతాడని వాడు ఆగిపోయారు. అంతకుముందు వారమే పంట్ బంతిని ముట్టుకోకుండా వదిలేసినందుకు కోచ్ మావాణ్ని మెచ్చుకున్నాడు, బుర్రలో అదే ఉంది. గుండ్రటి బంతి కాదు కదా, ఒకసారి ఎగిరి పక్కకి దొర్లింది. అవతలి కుర్రాడు పరిగెత్తుకొచ్చి దాని మీద పడుకున్నాడు. ఇంకో రెండు ప్లేలకే (రెండు ప్రయత్నాలకే) వాళ్లు బంతిని మా గోల్ లైన్ దాటించేశారు, టచ్‌డౌన్. ఇంటికొచ్చేదాకా మావాడు కారులో గ్లవ్స్ కూడా తీయలేదు.

పంట్ బంతిని మనం ముట్టుకోకపోతే, అవతలివాళ్లు పట్టుకున్నా అది మనదే. కిక్ ఆఫ్ అలా కాదు. 10 యార్డులు దాటాక ఎవరికి దొరికితే వాళ్లది. తన్నినవాళ్లు అందుకుంటే దాంతో పరిగెత్తలేరు గానీ, బంతి మాత్రం వాళ్లదే. ఆన్‌సైడ్ కిక్ (తన్నినవాళ్లే తిరిగి అందుకోవాలని కావాలనే దగ్గరగా తన్నడం) నడిచేది ఈ రూల్ మీదే.

మా దగ్గర హైస్కూల్లో తన్నే జట్టు తన 40 యార్డ్ లైన్ (తన గోల్ లైన్‌కి 40 యార్డుల దూరంలో ఉన్న గీత) నుంచి తన్నుతుంది. మన గోల్ లైన్ దాటితే బంతి అక్కడితో డెడ్ (ఆట ఆగినట్టు), మనకి మన 20 యార్డ్ లైన్ దగ్గర ఇస్తారు. కానీ 60 యార్డులు తన్నే పిల్లలు తక్కువ, ఎక్కువ బంతులు ముందే పడతాయి. ఎవరూ తాకకుండా పక్క గీత దాటితే మనం మన 35 యార్డ్ లైన్ నుంచి మొదలుపెట్టొచ్చు. టీవీలో ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) చూపించి నేర్పకండి, 2024లో అక్కడ కిక్ ఆఫ్ పద్ధతే మార్చేశారు.

డిఫర్ అంటే ఎంచుకునే అవకాశాన్ని రెండో సగానికి దాచుకోవడం. మొదటి సగం చివర్లో స్కోర్ చేసి, విరామం అవగానే మళ్లీ బంతి అందుకుంటే, మధ్యలో అవతలివాళ్లకి ఆడే వీలే ఉండదు. కెప్టెన్ మాత్రం 'కిక్ చేస్తాం' అనకూడదు. అంటే ఎంపిక అప్పుడే వాడేసినట్టు, రెండో సగంలో కూడా బంతి ఎదుటివాళ్లే అడుగుతారు.

మీ అబ్బాయికి ఇప్పటి నుంచే అరవడం అలవాటు చేయండి. మావాడు ఇప్పుడు బంతి గాల్లో ఉండగానే "మైన్, మైన్" అని అరుస్తాడు, స్టాండ్స్‌లో చివరి వరుసలో ఉన్న నాకు కూడా వినిపిస్తుంది.