గుంటూరు ఇంటిని తాకట్టు పెట్టకండి

ప్రశ్న: నాకు 68, మా ఆవిడకు 64. హెడ్మాస్టరుగా రిటైరయ్యాను, పెన్షన్ నెలకు 46 వేలు. ఏడాదిన్నర క్రితం గ్రీన్ కార్డు మీద డాలస్‌లో మా అబ్బాయి దగ్గరికి వచ్చేశాం. అతను ఇల్లు కొంటున్నాడు. డౌన్ పేమెంట్‌కి గుంటూరు ఇంటి మీద 25 లక్షలు లోన్ తీసి, పెన్షన్‌తో కట్టేద్దామనుకుంటున్నాం. ఇక్కడ మాకు ఖర్చేముంది? ఇన్సూరెన్స్ తీసుకోలేదు. మందులు ఊరి నుంచి తెచ్చుకున్నవే. అవి అయిపోతాయని మా ఆవిడ షుగర్ బిళ్ళ సగం చేసి వేసుకుంటోంది.

జవాబు: వద్దు మాస్టారూ. ఖర్చేముందని అడిగారు, ఆ సగం బిళ్ళే మీ ఖర్చు. పిల్లల దగ్గరికి వెళ్ళిన పెద్దవాళ్ళు చాలామంది "అబ్బాయి చూసుకుంటాడు" అన్న మాటనే ఇన్సూరెన్స్ అనుకుంటున్నారు. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

అమెరికా ప్రభుత్వం పెద్దవాళ్ళకిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్‌కి 65 నిండితే చాలదు, గ్రీన్ కార్డుతో అయిదేళ్ళు అక్కడే ఉండాలి. మీకింకా మూడున్నరేళ్ళుంది. ఆ తర్వాతా ఉచితం కాదు. అక్కడ పని చేసిన రికార్డు లేనివాళ్ళకు 2025 లెక్కన పార్ట్ ఏకి (ఆస్పత్రిలో చేరితే) 518, పార్ట్ బీకి (డాక్టర్ల ఫీజులకి) 185, మనిషికి నెలకు 703 డాలర్లు. ఎస్‌ఎస్‌ఐ మీద, అంటే ఆదాయం లేని పెద్దవాళ్ళకు అక్కడి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం మీద, ఆశ పెట్టుకోకండి. 1996 చట్టం తర్వాత మీలా వచ్చినవాళ్ళకు పదేళ్ళ పని రికార్డో, పౌరసత్వమో ఉండాలి. మీకోసం మీ అబ్బాయి పెట్టిన స్పాన్సర్ సంతకం మిమ్మల్ని పోషిస్తానన్న హామీ. ఆస్పత్రి బిల్లు దానితో తీరదు. విజిటర్ పాలసీలు చాలావరకు పాత జబ్బుల్ని కవర్ చెయ్యవు.

కాబట్టి నవంబరు 1న మార్కెట్‌ప్లేస్ (ఇన్సూరెన్స్ ప్లాన్లు కొనుక్కునే ప్రభుత్వ వేదిక) తెరవగానే ఇద్దరికీ ప్లాన్ తీసుకోండి. షుగరుందని కాదనడానికి వీల్లేదు. సబ్సిడీ రాదనుకునే లెక్క వేసుకోండి. ఆ ప్రీమియం పోగా మిగిలినదాన్ని బట్టి ఎలాంటి ఇల్లు కొనాలో మీ అబ్బాయిని తేల్చుకోమనండి. ఇది అతనితో ఈ రాత్రే మాట్లాడండి, మొహమాటపడకండి.

ఇక లోన్. 25 లక్షలు, 10 శాతం వడ్డీ, ఏడేళ్ళంటే ఈఎంఐ 41,500. మీ వయసుకి అంతకంటే ఎక్కువ గడువు ఇవ్వడం కష్టం. చేతిలో మిగిలేది 4,500, అంటే యాభై డాలర్ల చిల్లర. రేపు అబ్బాయి ఉద్యోగం పోతే అక్కడి ఇల్లూ ఇక్కడి ఇల్లూ ఒకేసారి వేలానికొస్తాయి. వెనక్కి వద్దామన్నా తలదాచుకోను చోటుండదు. 68 ఏళ్ళకు సొంతిల్లు తాకట్టు పెట్టించే సలహా ఎవరిచ్చినా వినకండి, కన్నకొడుకు ఇచ్చినా సరే. డౌన్ పేమెంట్ తక్కువైతే ఇంకో రెండేళ్ళు అద్దెకుంటాడు.

పెన్షన్ మీ పేరునే పోగెయ్యండి. ఏడాది మొత్తం, అయిదున్నర లక్షలు, ఎఫ్‌డీలో ఉండాలి. తిరుగు టికెట్లు అందులోవే. సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతాగా, మార్పించండి. పెన్షనర్ల ఈహెచ్‌ఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డును వదులుకోకండి.

నవంబరు దాకా ఆగలేనిది ఒకటుంది. దగ్గర్లోని కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటారు. ఈ వారమే అమ్మగారికి అక్కడ షుగర్ పరీక్ష చేయించి, మందు రాయించండి. ఆవిడ బిళ్ళ మొత్తం వేసుకోవాలి.