మందు ఒక్కసారిగా మాన్పించవచ్చా?

ప్రశ్న: మా ఆయన పదేళ్లుగా రోజూ రాత్రి ఒక క్వార్టర్ విస్కీ తాగుతారు. మొన్న ఒక రోజు మానేస్తే తెల్లారేసరికి చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. కొంచెం తాగగానే తగ్గింది. ఇంట్లోనే గట్టిగా మాన్పించేయనా?
- ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: వద్దమ్మా. మన విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం. క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లలో, దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఏళ్ల తరబడి మత్తుకు అలవాటుపడిన మెదడు దాన్ని తట్టుకోవడానికి ఉద్రేకం పెంచుకుని ఉంటుంది. మందు ఆపగానే ఆ ఉద్రేకం ఒక్కటే మిగులుతుంది. ఆ వణుకు అదే, నరాల బలహీనత కాదు.

తాగడం ఆపిన 6 గంటల నుంచి వణుకు మొదలవుతుంది. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే. 2 నుంచి 4 రోజుల మధ్య మనిషి అయోమయంలో పడి, లేనివి కనబడుతున్నాయంటే అది ప్రాణాంతకం, వెంటనే 108కి ఫోన్ చేయండి. గతంలో ఫిట్స్ వచ్చి ఉంటే ఆసుపత్రిలో ఉంచే మాన్పించాలి.

మీ బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సా విభాగం ఉంది. డాక్టరు రాసే మాత్రలను సాధారణంగా వారం పాటు తగ్గిస్తూ ఇస్తారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు వీటికి బదులు కావు. అవి మద్యంతో కలిస్తే శ్వాసే ఆగవచ్చు. అందరూ మరిచేది థయమిన్ (బి1). అది ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే చూపు, నడక, జ్ఞాపకశక్తి దెబ్బతినే ప్రమాదం ఉంది. సెలైన్ పెట్టే ముందే డాక్టరుకు తాగుడు సంగతి దాచకుండా చెప్పండి.