సాఫ్ట్‌వేర్ కోర్సుకు డబ్బు కట్టే ముందు

ప్రశ్న: మా అమ్మాయి నాగార్జున యూనివర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చివరి సంవత్సరం. ప్రాజెక్టు కోసం గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీలతో మాట్లాడి ఇరవై ఇంటర్వ్యూలు రికార్డు చేసింది. విజయవాడలో ఒక సెంటర్ వాళ్లు ఎన్‌వివో అనే సాఫ్ట్‌వేర్ నేర్పడానికి పదిహేను వేలు అడుగుతున్నారు. కట్టమంటారా? ఉద్యోగానికి పనికొస్తుందా?
– ఒక తండ్రి, మంగళగిరి

జవాబు: ఇప్పుడే కట్టకండి. ఇంటర్వ్యూల్లాంటి మాటల సమాచారాన్ని విశ్లేషించడానికి ఎన్‌వివో మంచిదే, అట్లాస్ టీఐ, మాక్స్‌క్యూడీఏ కూడా ఆ కోవలోవే. కానీ గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్‌లో అంకెలు ఎక్కించి బటన్ నొక్కితే టేబుల్ వచ్చినట్టు వీటిలో జవాబు రాదు. ఏ మాటకు ఏ కోడ్ (అందులోని విషయాన్ని చెప్పే చిన్న పేరు) పెట్టాలో మీ అమ్మాయే తేల్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ వాటిని భద్రంగా ఉంచి, అడిగినప్పుడు వెతికిస్తుంది. ఈమధ్య ఏఐ కూడా కోడ్‌లు సూచిస్తోంది. వైవాలో "ఇది ఎందుకు పెట్టావమ్మా?" అంటే ఏఐ వచ్చి చెప్పదు కదా.

ఒక కూలీ "చేతుల మంటకి పసిదాన్ని ఎత్తుకోవాలన్నా భయమేనండి" అందనుకోండి. తొందరలో 'ఆరోగ్య సమస్య' అని రాసేస్తాం. నిజానికి అక్కడ బిడ్డ పెంపకం కష్టం కూడా ఉంది. ఒకే వాక్యానికి రెండు కోడ్‌లు పెట్టొచ్చు. అలాంటి మాటే ఇంకో నలుగురి దగ్గర కనబడితే, పని ఇంటిదాకా వెంటాడుతోందన్నది ఒక థీమ్ అవుతుంది. థీమాటిక్ అనాలిసిస్ అంటే ఈ పనే. బ్రాన్, క్లార్క్ అనే పరిశోధకులు 2006లో రాసిన వ్యాసంలో ఆరు దశలుగా ఉంటుంది, చదివించండి. సినాప్సిస్‌లో (ప్రాజెక్టు ప్రణాళికలో) గ్రౌండెడ్ థియరీ, అంటే సేకరించిన సమాచారం నుంచే సిద్ధాంతం కట్టే పద్ధతి, అని రాసి ఉంటే మాత్రం గైడ్‌తో ఇప్పుడే మాట్లాడాలి. అందులో ఇంటర్వ్యూలు, విశ్లేషణ పక్కపక్కనే నడవాలి. అన్నీ రికార్డు చేసేశాక ఆ పేరు తగిలిస్తే ఎగ్జామినర్ ఊరుకోరు.

ముందు మూడు ఇంటర్వ్యూలు తెలుగులోనే టైప్ చేసి, ప్రింటు తీసి, మార్జిన్‌లో పెన్నుతో కోడ్‌లు రాయమనండి. రిపోర్టులో వాడే మాటల్ని మాత్రం చివర్లో ఇంగ్లిషులోకి మార్చుకోవచ్చు. తర్వాత ఇలాంటి సాఫ్ట్‌వేర్లే అయిన టాగెట్ గానీ క్వాల్‌కోడర్ గానీ వేసుకోమనండి. రెండూ ఉచితం, ఇరవై ఇంటర్వ్యూలకు బోలెడు. ఎక్కించే ముందు కూలీల పేర్లు, మేస్త్రీ పేరు, కోల్డ్ స్టోరేజీ పేరు తీసేయాలి. వాళ్ల కూలి పోయే పని మనం చేయకూడదు.

ఉద్యోగమంటారా, ఎన్జీవోలు, సర్వే సంస్థల్లో ఈ పనికి చోటుంది. అక్కడ ఎన్‌వివో సర్టిఫికెట్ కంటే, ఒక్కో కోడ్‌కు అర్థం, ఉదాహరణ రాసిన కోడ్‌బుక్ చూపిస్తే మాట నడుస్తుంది. గైడ్ ఎన్‌వివోయే కావాలంటే, యూనివర్సిటీకి లైసెన్సు ఉందేమో ముందు కనుక్కోండి. లేకపోతే కోడ్‌బుక్ పూర్తయ్యాకే ట్రయల్ వెర్షన్ వేసుకోమనండి. ముందే వేసుకుంటే ఆ గడువంతా మెనూలు వెతకడానికే అయిపోతుంది.