కొలబద్ద మరిచిపోకు

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

మన శ్రీకాకుళం జిల్లా శాలిహుండం బౌద్ధ కొండ మీది విగ్రహాలను ఫొటోలు తీసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తావని, చూపు లేనివాళ్ల కోసం వాటికి మాటలు జోడిస్తావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ పూట వీధిలో ఎదురైన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పురావస్తు శాఖ అనుమతి కాగితం మీద తీసుకో. నోటిమాట నమ్మి కెమెరా స్టాండు మోసుకుంటూ కొండెక్కకు. ఫ్లాష్ వద్దు. విగ్రహం చుట్టూ తిరుగుతూ, ఒక ఫొటోలో పడినది సగానికి పైగా తర్వాతి ఫొటోలోనూ పడేలా తియ్యి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా తప్పు ఒకటుంది, అది నీకు తెలియదు. డ్రాయింగ్ మాస్టారుగా ఉన్న రోజుల్లో చూపు లేని పిల్లలను కొందరిని అక్కడికి తీసుకువెళ్లాను. బౌద్ధుల దేవత మారీచి విగ్రహం ముందు నిలబెట్టి, ముట్టుకోకూడదని గట్టిగా చెప్పి, ఉపన్యాసం మొదలుపెట్టాను. ప్రభావళి అన్నాను, భంగిమ అన్నాను, లావణ్యం అన్నాను. ఒక పిల్లవాడు ఆపి, "మాస్టారూ, ఆవిడ నాకు ఎంతవరకు వస్తుంది? మోకాలి దాకానా, ఛాతీ దాకానా?" అని అడిగాడు. అడుగుతూనే అరచేతిని గాలిలో బోర్లించి పట్టుకున్నాడు, నేను పైకనో కిందకనో చెబుతానని. ఎన్నిసార్లు బొమ్మ గీశానో ఆ విగ్రహాన్ని, ఎత్తు మాత్రం తెలియదు. "పెద్దదేలే" అన్నాను. కాసేపు ఆగి చెయ్యి దించేసుకున్నాడు.

ఆ కొండ 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చినది. వాడుకభాష కోసం అంత పోరాడిన మనిషి! ఆయన కొండ మీదే నిలబడి నేను పిల్లల దగ్గర పాండిత్యం ఒలకబోశాను. మారీచికి మూడు ముఖాలుంటాయని, వాటిలో ఒకటి పంది ముఖమని, రథం లాగేవి ఏడు పందులని బౌద్ధులు చెబుతారు. అదొక్కటి చెప్పినా కిలకిలా నవ్వేవారు. పంది ఎలా అరుస్తుందో వాళ్లకు తెలియదా?

మరుసటి ఆదివారం టేపు పట్టుకుని మళ్లీ వెళ్లాను. కొలత దొరికింది. ఆ పిల్లవాడు మళ్లీ దొరకలేదు.

అందుకే ప్రతి విగ్రహం పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తియ్యి. అది లేకపోతే బొమ్మ బొటనవేలంతో తాటిచెట్టంతో కంప్యూటర్‌కూ తెలియదట, మీ అన్నయ్య చెప్పాడు. రాతికి మాత్రం తగలనివ్వకు. కొలత సరిగ్గా ఉంటే రేపు అదే ఎత్తున నమూనా అచ్చు తీసి పిల్లల చేతికి ఇవ్వవచ్చు, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దనరు.

ఇంకొకటి. 2018లో తిత్లీ తుపానుకు అటక మీది నా నెగటివ్‌లన్నీ తడిసి అట్టలు కట్టాయి. విడదీస్తుంటే బొమ్మలు వేళ్లకు అంటుకుని వచ్చేశాయి. నువ్వు ఏ రోజు తీసినవి ఆ రోజే మూడు చోట్ల దాచు. ఒకటి నా దగ్గర పెట్టు, ఒకటి సముద్రానికి దూరంగా ఎక్కడైనా. నవ్వకు. ఇది వేడుకోలు కాదు, ఆజ్ఞ.

ఎండ ముదరకముందే కొండ దిగెయ్యి. ఆముదాలవలసలో రైలు దిగగానే ఫోను చెయ్యి, మీ పెద్దమ్మ ఎదురుచూస్తుంది.

నా పాత టేపు పంపుతున్నాను. మొదటి రెండు అంగుళాలు అరిగిపోయాయి. మూడో అంగుళం గీత నుంచి కొలిచి, వచ్చిన దాంట్లో మూడు అంగుళాలు తీసెయ్యి.

మీ పెదనాన్న