ట్యాక్సీ, క్యాబ్, బాడుగ

సందేహం: ‘టాక్సీ’ అని రాయాలా, ‘ట్యాక్సీ’ అని రాయాలా? పన్ను కట్టి తిప్పే బండి కాబట్టి ఆ పేరు వచ్చిందని మా మిత్రుడి వాదన. నిజమేనా? దీనికి తెలుగు మాట ఉందా?

సమాధానం: మీ మిత్రుడు సగం దూరం సరిగానే వచ్చారు. వెల కట్టడం, మదింపు వేయడం అనే అర్థమున్న లాటిన్ మాటే పన్ను అనే అర్థమున్న ‘ట్యాక్స్’కూ, ‘ట్యాక్సీ’కీ మూలం గాని, బండి పేరులో ఉన్నది సర్కారుకు చెల్లించే పన్ను కాదు, ఎక్కినవారు ఇచ్చుకోవలసిన సొమ్ము. 1891లో జర్మనీలో విల్‌హెల్మ్ బ్రూన్ రూపొందించిన, ఆ సొమ్మును లెక్కగట్టే యంత్రానికి అక్కడ ‘టాక్సామీటర్’ అని పేరు. అది ఫ్రెంచివారి నోట కొంత మారి ఇంగ్లీషుకు చేరాక, ఆ యంత్రం బిగించిన బండి ‘ట్యాక్సీమీటర్ క్యాబ్’ అనిపించుకొని, 1907 నాటికి వట్టి ‘ట్యాక్సీ’గా మిగిలింది. మీటరు ఊసే లేని బండినీ మనం ట్యాక్సీ అంటున్నామంటే పేరు మాత్రమే నిలిచిందన్నమాట.

‘ట్యాక్సీ’ పాతబడిందని, ‘క్యాబ్’ అంటేనే నాగరికమని ఈమధ్య అందరూ దానికి ఎగబడుతున్నారు. వయసులో క్యాబే పెద్దది. రెండు చక్రాల గుర్రపు బండికి ఫ్రెంచిలో ఉన్న ‘కాబ్రియొలే’ అనే పేరును కత్తిరించగా వచ్చినది అది. దాని మూలంలో ఉన్నది మేక గంతు!

ఇక తెలుగు మాట. సంస్కృత ‘భాటకం’తో సంబంధమున్న ‘బాడుగ’ మనకు ఉండనే ఉంది. కన్నడంలో ‘బాడిగె’, తమిళంలో ‘వాడగై’, మరాఠీలో ‘భాడే’ దీని చుట్టాలే. నెల్లూరు, చిత్తూరు, కడప వైపు ‘బాడుగ కారు’ అంటే తెలియనివారు లేరు. అక్కడి డ్రైవరు ‘పొద్దున్నుంచి ఒక్క బాడుగా తగల్లేదు’ అన్నప్పుడు, సొమ్ము పేరు ప్రయాణానికే చెల్లిపోవడం గమనించండి. మీటరు పేరు బండికి చెల్లిన తీరూ ఇదే. తెలంగాణవారి ‘కిరాయి’ అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా వచ్చింది. ఇంత సంపద ఉండగా ‘క్యాబ్ బుక్ చేశాను’ అనడమే గొప్పయిపోయింది మనవారికి.

వర్ణక్రమం సంగతి. ‘వచ్చాడు’ అన్నప్పుడు చకారం తరువాత పలికే అచ్చు మన నోట ఉన్నా దానికి లిపిలో గుర్తు లేదు. ‘ట్యా’ దానికి దగ్గర దారి గనుక నా మొగ్గు ‘ట్యాక్సీ’ వైపే. ‘టాక్సీ’ని తప్పని కొట్టివేయలేను గాని, ఒకే వ్యాసంలో రెండూ కలిపి రాసేవారిని మాత్రం సమర్థించలేను.